బెత్తెడు దూరంలో పెళ్ళి

ఆ రోజుల్లో లోకంలో ఏ వస్తువూ ఉన్నంత సైజులో నాకు నచ్చేది కాదు. నెల్లిమర్లలో కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త కెమెరా. చిన్నవాటిని పెద్దవి చేసి తీసే అసలైన మాక్రో లెన్సు ధర వింటే నా జీతం తల దించుకునేది. అందుకని చవకలో దొరికే క్లోజప్ అద్దాలు తెప్పించాను. కళ్ళజోడు అద్దాల్లాంటివి నాలుగు. కెమెరా లెన్సు మూతికి తిప్పి బిగిస్తే చాలు, చీమ కూడా ఫొటో నిండా నిలబడేది. అన్నిటికన్నా దళసరిది పదో నంబరు. అది బిగిస్తే బెత్తెడు దూరంలో ఉన్నదే కనబడుతుంది, ఆ పైన అంతా మంచు. చీమల మీసాలూ, ఉప్పు రవ్వలూ, ఎండు నెత్తళ్ళ చేపల కళ్ళూ (ఆ వారం కూర వండటానికి అమ్మ నా అనుమతి అడగాల్సి వచ్చింది) అన్నీ తీసేశాను.

అప్పుడే శృంగవరపుకోటలో మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. నాకు వదిన వరస. "మనోడి దగ్గిర అంత కెమెరా ఉన్నాది, స్టూడియోవోడు మనకేటికి?" అన్నాడు మావ. నేనూ రొమ్ము విరుచుకున్నాను. ముహూర్తానికి ముందు వదిన గోరింటాకు ఫొటో తీద్దామని పదో నంబరు బిగించాను. తొందరలో మర తప్పి ఎక్కినట్టుంది, ఎంత తిప్పినా ఊడి రాలేదు. తువ్వాలుతో పట్టాను, కొబ్బరినూనె రాశాను (పళ్ళతో కూడా ప్రయత్నించాను, ఎవరికీ చెప్పకండి). ఇంతలో మేళం మొదలైంది. పెళ్ళి మొత్తానికి ఉన్నది ఒక్క కెమెరా, దానికేమో బెత్తెడు దాటితే చూపు ఆనదు.

చేసేదేముంది, బెత్తెడు దూరానికే వెళ్ళాను. కన్యాదానంలో మావ మొహంలోకి, జీలకర్ర బెల్లంలో పెళ్ళికొడుకు చెవిలోకి దూరాను. తాళి వేళకు నా తల ఇద్దరి మధ్యకూ వచ్చేసరికి పంతులుగారు మంత్రం ఆపి, "బాబూ, తాళి నువ్వు కడతావా, ఆయన్ని కట్టనిస్తావా?" అన్నారు. పందిరంతా నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తలంబ్రాలయ్యాక అత్త నన్ను పెరట్లో పట్టుకుంది. "ఏటిరా, ఆ మొగమేటి?" అంది. సంగతి చెప్పాను. "ఓస్, ఊరగాయ సీసా మూతలాంటిదే గదా, ఇలా తే" అని కాలి రబ్బరు చెప్పు తీసి, అద్దం మీద అదిమి ఒక్క తిప్పు తిప్పింది. ఊడొచ్చేసింది. భోజనాల బంతులు మాత్రం భేషుగ్గా తీశాను.

మర్నాడు ఫొటోలన్నీ కంప్యూటర్లో చూసి మావ మొహం మాడిపోయింది. "ఒరే, ఇది నా కూతురి పెళ్ళేటి, సెవుల డాక్టరు పుస్తకమేటి? మనుసులేర్రా?" అన్నాడు. తరవాతి ఫొటో నొక్కాను. తెర నిండా ఎర్రబడిన ఒక కన్ను, రెప్ప చివర నీటిబొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా పెళ్ళిపందిరి. మావ చావుల్లో కూడా కంటతడి పెట్టడని ఊళ్ళో పేరు. తెర దగ్గరికి వంగి చూశాడు. "పొగ రా. హోమం పొగ" అన్నాడు చివరికి. (కన్యాదానం వేళకి హోమం ఇంకా వెలిగించనేలేదు.) వదిన ఆ ఒక్క ఫొటో పెద్దది చేయించి అత్తవారింటికి పట్టుకుపోయింది. దాంతోపాటే తీయించిన ఇంకో చిన్న కాపీ ఎటు పోయిందో అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర అసలైన మాక్రో లెన్సే ఉంది. పువ్వులూ పురుగులూ చక్కగా వస్తున్నాయి. మనుషుల మొహంలోకి అలా తోసుకుపోయే మొండితనం మాత్రం నాలోని ఆ కుర్రాడితోనే పోయింది, అప్పుడప్పుడు వాడి మీద బెంగగా ఉంటుంది. పదో నంబరు అద్దం మావకిచ్చేశాను, మందుల అట్టల మీద అక్షరాలు చదువుకుంటాడని. మొన్న చెప్పకుండా వెళితే, ఆ అద్దం పెట్టుకుని పాత ఫొటో ఒకటి చూస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున దిండు కింద దాచేశాడు. నేనేమీ అడగకుండానే, "పొగేరా" అన్నాడు.