తలుపు ఎత్తిందెవరు?

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. చర్చిలో చెప్పే పరిశుద్ధాత్మను తప్ప మరే ఆత్మనూ నమ్మలేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే తేదీ అడిగేదాన్ని. దాంతో కథ ఆగిపోయేది.

ఇది మా తమ్ముడు దానియేలు సంగతి. ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. నీటి తలుపులు ఎత్తడం, దించడం వాడి పని. చనిపోయిన మా నాన్నదీ అదే ఉద్యోగం.

వాడికి మెదడులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేశాక మళ్ళీ పెరిగింది. విశాఖలో ఒక ఆసుపత్రిలో కొత్త చికిత్స ఉందంటే వెళ్ళాం. రేడియేషన్ వెలువరించే పదార్థాన్ని మందుకు తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. గడ్డ దాన్ని పీల్చుకుంటే లోపలినుంచే మాడుతుంది. మొదటి విడతలో పీల్చుకోలేదు.

"మందు ఒళ్ళంతా తిరిగింది కానీ గడ్డలోకి చేరలేదండి" అన్నారు డాక్టరుగారు.

"శివారుకి నీళ్ళెక్కలేదన్నమాట. ఎగువోళ్ళే తాగేశారండి" అని నవ్వాడు తమ్ముడు.

కాలవ చివరి పొలాలను మేం శివారు అంటామని నేను చెప్పాల్సి వచ్చింది. రెండోసారి పద్ధతి మారుస్తామన్నారాయన. మెదడు రక్తనాళాల గోడలు కాసేపు వదులయ్యేలా ముందు ఒక మందు ఇచ్చి, ఆ తర్వాత గడ్డకు వెళ్ళే నాళంలోకే అసలు మందు వదులుతారట. ఇదీ పట్టకపోతే ఇక చేయగలిగింది లేదన్నారు.

అది మే నెల. మందు ఎక్కించాక వాడిని సీసం గోడల గదిలో ఒంటరిగా ఉంచారు. చెమటలో కూడా రేడియేషన్ ఉంటుంది కాబట్టి ఎవరూ లోపలికి పోకూడదు. నేను బయట, ఆ గది కనిపించే టీవీ తెర ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం వాడు కునుకు తీశాడు. గది తలుపు తెరుచుకోలేదు. నేను కళ్ళు తిప్పలేదు.

లేవగానే మైకులో అన్నాడు: "అక్కా, నాన్నొచ్చి తలుపెత్తారు."

పక్కనున్న నర్సు కంగారుపడింది. "తలుపు తీశారా? ఎవరండీ లోపలికెళ్ళింది?"

"తీయలేదమ్మా, ఎత్తారు" అన్నాడు. తర్వాత తల తడుముకుని, "కాలవ వదిలారేంటి? తడిసిపోయాను."

సిబ్బంది వెళ్ళి చూస్తే తలగడ నిజంగానే తడిసి ఉంది. మొదటి విడతలో వాడి చెమట అంటిన తలగడ దగ్గర రేడియేషన్ కొలిచే యంత్రం ఆగకుండా కీచుమంది. ఈసారి కిక్కురుమనలేదు. ఇంకో యంత్రం తెచ్చారు. అదీ అంతే. ఆ నీరు వాడి ఒంట్లోంచి వచ్చింది కాదు. మంచినీళ్ళ సీసాకు సీలు కూడా విప్పలేదు.

శుభ్రంగానే ఉందని తలగడ గలీబు నాకిచ్చేశారు. జూన్‌లో కాలవకు కొత్తనీరు వచ్చినప్పటి వాసన. ఆరాక సన్నటి ఒండ్రు వేలికి తగిలింది. ధవళేశ్వరానికి ఫోన్ చేసి అడిగాను. వేసవికి కాలవలు కట్టేసే ఉన్నాయి, నీళ్ళింకా వదల్లేదు.

స్కాన్‌లో గడ్డ ఈసారి మందు పీల్చుకుని దీపంలా వెలిగింది. అది డాక్టరుగారి పద్ధతి వల్లే; ఆ ఘనత ఇంకెవరికీ ఇవ్వను. తమ్ముడిప్పుడు సాయంత్రం పూట లాకుల దాకా నడిచి వస్తున్నాడు.

ఆ తడి మాత్రం ఏ లెక్కలోనూ కలవలేదు. భాగహారంలో శేషం మిగిలితే దాచొద్దని, పక్కన రాయమని పిల్లలకు చెప్పేదాన్ని. నేనూ రాస్తున్నాను. ఎవరో తలుపెత్తారు.