సర్వరు చదివిన పాఠాలు

నాకు కంప్యూటరు నేర్పిన సారు నర్సీపట్నంలోనే ఉంటారు. ఆయన నడిపిన సెంటరు మూతపడి అక్కడ సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. షుగరు వల్ల కళ్లు దెబ్బతిన్నాయి. తెర మీద అక్షరాలు అరచేయంత చేసుకున్నా తడుముకుంటూ చదివేవారు. అయినా ఒక పని మాత్రం మానలేదు. వెబ్‌సైట్లు ఎలా తయారుచేయాలో తెలుగులో పాఠాలు రాసి, తనే ఒక సైటు కట్టి, ఎవరైనా ఊరికే చదువుకునేలా పెట్టారు. వాటిని రోజూ దిద్దుతూనే ఉండేవారు. ఒక వాక్యం మార్చడానికి పూట పట్టేది.

నేను విశాఖపట్నం కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పనిచేస్తాను. ఒకరోజు సారు ఫోన్ చేసి, సైటు ఉన్న సర్వరు కంపెనీ వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చిందనీ, సైటు నడిచే సాఫ్ట్‌వేరు పాత వెర్షను ఆపేస్తున్నారనీ, సైటు ఆగిపోకుండా చూడమనీ అడిగారు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సారు భార్య, మేడం, చర్చికి వెళ్తూ మాకు టీ పోసి, ఆయన కంట్లో చుక్కలు వేసి వెళ్లారు.

సర్వరులోకి వెళ్లి సైటు తెరిచి చూశాను. ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లలోనూ ఒక్కొక్కటి. ఏవి వాడుకలో ఉన్నాయో, ఏవి ఊరికే పడి ఉన్నాయో సారుకే గుర్తులేదు. అన్నీ దిద్దే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి, నిజంగా నడుస్తున్నవేవో ముందు తేల్చుకుందామన్నాను. పేజీలను తయారుచేసే స్క్రిప్టు చివర ఒక్క వరుస రాశాను. పేజీ తెరిచినప్పుడు అది ఏయే ఫైళ్లను ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకుందో కింద చూపిస్తుంది. తర్వాత ఒక్కో పాఠం తెరిచి, కింద వచ్చిన పేర్లు పైకి చదువుతూ పోయాను. సారు కళ్లు మూసుకుని వింటూ, ఇది మెనూ, ఇది పైన పేరు వచ్చే ముక్క అని చెబుతున్నారు.

మూడో పాఠం దగ్గర ఆయన నన్ను ఆపారు.

"ఏ ఫోల్డర్నుంచి అన్నావు?"

"పాత ఫోల్డర్నుంచి సార్."

"మళ్లీ సూడమ్మా."

మళ్లీ చూశాను. మిగతా పాఠాలు కూడా తెరిచాను. అన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి. ఆయన దిద్దిన పాఠాలు పక్క ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయి. వాటిని సర్వరు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎప్పుడో చేసిన సెట్టింగులో, ఫైలు పేరు చెబితే ముందు పాత ఫోల్డర్లో వెతకమని ఉంది. అక్కడ దొరికేస్తే ఇక కొత్తదాని వైపు పోదు. సారు దిద్ది సరిచూసుకునేది ఇంట్లో కంప్యూటర్లోని కాపీలో, అందులో పాత ఫోల్డరే లేదు. అందుకని ఇక్కడ ఆయనకి ఎప్పుడూ దిద్దిన పాఠమే కనిపించేది. బయట చదివేవాళ్లకి మాత్రం తప్పులున్నదే.

ఇదంతా మెల్లగా చెప్పాను. ఆయన చల్లారిన టీ అలాగే పట్టుకున్నారు. తర్వాత తన మెయిల్ తెరిచి, మాకవరపాలెం అమ్మాయి రాసినవి వెతకమన్నారు.

ఆ అమ్మాయిని ఆయన ఎన్నడూ చూడలేదు. డిగ్రీ అయ్యాక ఫోన్లో ఈ పాఠాలు చదివి సొంతంగా నేర్చుకుందామనుకుంది. మూడో పాఠంలో ప్రోగ్రాం నడవడం లేదండీ అని రాసింది. దిద్దాను, చూడు అని సారు జవాబిచ్చారు. ఆమె చూసి, ఇంకా నడవడం లేదండీ అని రాసింది. అలా కొన్నాళ్లు జరిగింది. సారు రాసిన ఆఖరి మెయిల్ నేనే ఆయనకి చదివి వినిపించాను. శ్రద్ధగా చదవని వాళ్లకి ఈ పని నప్పదనీ, ఇంకేదైనా చూసుకోమనీ ఉంది. సరేనండీ అని ఆమె జవాబు. ఆ తర్వాత ఏమీ లేదు.

మెయిల్ కింద ఆమె నంబరుంది. సారు చెప్పమంటే నేనే ఫోన్ చేశాను. సారు పేరు చెప్పగానే గుర్తుపట్టింది. వచ్చే ఆదివారం రమ్మంది.

స్కూటీ మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. దారంతా ఒక చేత్తో నా భుజం పట్టుకునే ఉన్నారు. ఆమె అత్తవారింటి వసారాలో కుర్చీలు వేసి కూర్చోబెట్టింది. జీడిపిక్కలు కొట్టే చోట పనికి వెళ్తోందట. జీడి రసం తగిలి వేళ్ల చివర్లు నల్లబడి, తోలు ఊడుతోంది. ఆ చేతులు సారుకి కనిపించవు. నేను చూశాను.

సారు చుట్టూ తిప్పకుండా చెప్పారు. తప్పు పాఠంలోనే ఉందనీ, ఆమె చదివింది సరిగ్గానే చదివిందనీ, తెలియక అలా రాశాననీ.

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "మీరు రాసింది నిజమేననుకున్నాను సార్. నాకు రాదనుకున్నాను" అంది.

"నీకొచ్చమ్మా. నీకే వచ్చు."

లోపలి నుంచి అత్తగారు ఏదో అడిగితే ఆమె వెళ్లి వచ్చింది. ఇప్పుడైనా నేర్పుతాను, వారానికోసారి రమ్మన్నారు సారు. ఎలా రావాలో, ఏ బస్సు ఎక్కాలో కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగి, ఆమె మెల్లగా అంది.

"ఒగ్గేసాను సార్. ఇప్పుడు మరి అయ్యేది కాదు."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు. కోపం లేదు. బిస్కెట్లు పెట్టింది. స్కూటీ దాకా వచ్చి, కింద రాళ్లున్నాయండీ అని సారు చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ చేతి గరుకు అప్పుడు తెలిసిందో ఏమో, ఆయన తన వేళ్లను విడదీసుకోవడానికి కొంచెం ఆలస్యం చేశారు.

తిరుగు దారిలో సారు ఒక్కటే అడిగారు, అలా ఇంకెంతమంది రాసి ఊరుకుని ఉంటారని. రాయకుండానే ఊరుకున్నవాళ్ల సంగతి నా నోట రాలేదు. తెలీదు సార్ అన్నాను.

ఆ వారంలోనే సెట్టింగు మార్చేశాను. కొత్త వెర్షనుకి తగ్గట్టు సరిచేసి, ప్రతి పాఠమూ తెరిచి చూశాను. ఇప్పుడన్నీ దిద్దిన ఫోల్డరు నుంచే వస్తున్నాయి. మూడో పాఠంలో ప్రోగ్రాం నడుస్తోంది. సారుకి చెబితే తల ఊపారు. ఎవరైనా చదువుతున్నారా అని అడిగారు. చూసి చెప్పాను, ఎవరూ రావడం లేదని. నేర్చుకునేవాళ్లు ఇప్పుడు వీడియోలు చూస్తున్నారు.

ఆయన మళ్లీ పాఠాల ఊసెత్తలేదు. కంప్యూటరు మీద మేడం దుప్పటి కప్పేశారు. నేను వెళ్లినప్పుడు మందుల పేర్లు చదివి వినిపిస్తాను. ఆయన విని, ఏ సీసా ఏ పక్కన పెట్టానో చేత్తో తడిమి చూసుకుంటారు.