ఓరెస్ట్ విమానం, కార్నీ తిట్లు

ఓరెస్ట్ ప్రిస్టుపాకి విమానం ఉంది గానీ, దాన్ని ఎగరేయడం కంటే విప్పడమే ఇష్టం. మానిటోబాలో మా గడ్డి రన్‌వే దగ్గర ఎవరి విమానమైనా ఆకాశంలోనో షెడ్డులోనో ఉంటుంది. ఓరెస్ట్‌ది మాత్రం సగం షెడ్డులో, సగం నేలమీద పరిచిన దుప్పటిపైన ఉంటుంది.

మా దేశంలో ఒక వెసులుబాటు ఉంది. చిన్న పాత విమానాన్ని ‘సొంతదారు మరమ్మతు’ కిందికి మార్చుకుంటే లైసెన్సున్న మెకానిక్కు అక్కర్లేదు. మనమే విప్పి, మనమే బిగించి, మనమే సంతకం పెట్టొచ్చు. కాకపోతే ఇంజను మీద ఎక్స్ గుర్తు కొట్టాలి. ఆ తర్వాత దాన్ని అమెరికా సరిహద్దు దాటనివ్వరు, అమ్మబోతే గిట్టుబాటు ధర రాదు. నిక్షేపంలాంటి విమానం మీద ఓరెస్ట్ స్వహస్తాలతో ఆ గుర్తు కొట్టుకున్నాడు. మెకానిక్కు కూలి మిగులుతుందనే కక్కుర్తి అనుకున్నాం. పిసినారి అని వాడి మొహం మీదే అన్నాం.

పోనీ పనైనా వచ్చా? కార్బ్యురేటర్ విప్పడమే గానీ బిగించడం చేతకాదు. శనివారం రాగానే, ఒకప్పుడు మాతోపాటు ఎగిరిన కార్నీ వీబ్‌కి ఫోను చేసేవాడు. ఓరెస్ట్ ఆ గుర్తు కొట్టడానికి కొన్నాళ్ల ముందు గుండె బాగాలేదని డాక్టరు ఎగరొద్దనేసరికి, కార్నీ ఉన్న విమానం అమ్మేసి తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్నాడు. సూపు కూడా ముట్టడం లేదని భార్య ఏడ్చేది. అలాంటివాడు ఓరెస్ట్‌ని తిట్టడానికి మాత్రం ట్రక్కేసుకుని వచ్చేవాడు.

“నీ చేతులకి పెరోగీ కజ్జికాయలు చుట్టడమే ఎక్కువ. నిన్ను ఇంజను ముట్టుకోనిచ్చిన సర్కారుకైనా బుద్ధుండాలి” అనేవాడు. సాయంత్రం దాకా బిగించి, ఓరెస్ట్ ఇంట్లో కడుపునిండా తిని పోయేవాడు. మళ్లీ శనివారానికి అంతా దుప్పటి మీదే.

ఒకసారి నేను పెందలాడే వెళ్లాను. ఓరెస్ట్ ఇంజను కుట్టుమిషన్‌లా తిరుగుతోంది. ఎవరు బిగించారంటే తనే అన్నాడు. ఇంతలో దూరాన కార్నీ ట్రక్కు దుమ్ము లేచింది. ఓరెస్ట్ గబగబా ఇంజను ఆపి, వేళ్లు చుర్రుమంటున్నా కార్బ్యురేటర్ విప్పసాగాడు.

“బాగానే ఉంది కదయ్యా, విప్పుతావేం?”

“పాత రూలయితే మెకానిక్కు లైసెన్సు లేదని వాణ్ణి దీని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లా? ఇప్పుడు నా విమానం, నా ఇష్టం. వాడు బిగిస్తాడు, నేను చూసి సంతకం పెడతా.”

“ఇందుకోసమా దాని విలువంతా పోగొట్టుకున్నావ్?”

“నోర్మూసుకుని ఆ బోల్టు విప్పు. వాడొచ్చేస్తున్నాడు.”

విప్పాను. కార్నీ దిగి మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూశాడు.

“ఇన్నాళ్లూ ఒక్క దద్దమ్మే అనుకున్నా. ఇంకోడు కూడా తయారయ్యాడా” అంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఆ రోజు నా వాటా తిట్లు నేను సంతోషంగా తిన్నాను.