మడ్‌గార్డు మీద పుట్టీ

ఆ జీపు నా చేతికి వచ్చింది తొంభై ఎనిమిదిలో. ఉరవకొండలో పాత ఇనుప సామాన్ల అంగడి వెనక పడి ఉంది. దాన్ని గ్యాసు కట్టరుతో ముక్కలు చేయడానికి ఒక మనిషి అప్పటికే వచ్చి, పక్కన బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. ఇంజను మీద కందిరీగలు గూడు పెట్టాయి. సీట్లలో కొబ్బరి పీచు తప్ప ఏమీ మిగల్లేదు. కాళ్ళ కింది రేకు తుప్పు తినేసి కింద మట్టి కనబడుతోంది. అయినా చూడగానే గుర్తుపట్టాను. అది మా ఊరి పెద్దాయన జీపు.

చిన్నప్పుడు ఆ జీపు చప్పుడు వినబడితే బడి పిల్లలమంతా పరిగెత్తుకొచ్చి రోడ్డు పక్కన నిలబడేవాళ్ళం. అది లేపిన దుమ్ము తిని సంబరపడేవాళ్ళం. పెద్దాయన ఒక్కసారి కూడా మా వైపు తల తిప్పలేదు. తిప్పకపోవడమే ఆయన గొప్పతనం అనుకునేవాళ్ళం. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రినై, ఆ అంగడి వెనక నిలబడినప్పుడు కూడా నాకు అదే బుద్ధి. పెద్దాయన కూర్చున్న సీట్లో నేను కూర్చోవాలి. ఇంట్లో మాత్రం పల్లెల నుంచి టీవీలు మోసుకురావడానికి బండి కావాలని చెప్పాను. ఉరవకొండలోనే నాది రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న షాపు.

నా దగ్గర డబ్బు లేదు. నేను బాగుచేసి పెట్టుకున్న కలర్ టీవీ ఒకటి ఉండేది. అంగడాయనకు అది ఇచ్చి జీపు తీసుకున్నాను. ఎద్దులబండికి కట్టి ఈడ్పించుకుని షాపు పక్క ఖాళీ జాగాలోకి తెచ్చాను. మా ఆమె బయటికి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"టీవీ పోయిందా?"

"పోయింది."

"అది బొమ్మన్నా చూపిస్తాండె," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఇద్దరు పేరున్న మెకానిక్కులు వచ్చి చూశారు. ఇంజను పట్టేసిందని, తీసి పారేసి డీజిలు ఇంజను ఎక్కించమని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఒకడైతే బానెట్టు కూడా ఎత్తకుండానే చెప్పాడు. డాక్టరు నాడి పట్టకుండా మందు రాసినట్టు. వాళ్ళను పంపించేసి నేనే మొదలుపెట్టాను. నాకు టంకం వేయడం వచ్చు, వైరింగు వచ్చు. ఇంజను గురించి ఏమీ రాదు.

అప్పుడే ఒక ముసలాయన రావడం మొదలైంది. చెనిక్కాయల మిల్లులో వాచ్‌మన్. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, ఎదురుగా బోర్లించిన ఆయిలు డ్రమ్ము మీద కూర్చునేవాడు. ఆయన ఎవరో నాకు తెలుసు. మా ఊళ్ళో అందరికీ తెలుసు. పెద్దాయన దగ్గర డ్రైవరుగా ఉండి, తాగి బండి నడిపి, పొలం నుంచి ఇంటికి పోతున్న ఒక కూలామెను గుద్ది చంపి, జైలుకు పోయి వచ్చినవాడు. వచ్చిన తర్వాత ఊళ్ళో ఉండలేక ఉరవకొండ చేరాడు. మేము చిన్నప్పుడు ఆయన ఇంటి ముందు నుంచి పోతే ఉమ్మేసి పోయేవాళ్ళం. నాకది తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

"ఏం కావాల?" అన్నాను మొదటి రోజు.

"ఏం వద్దప్పా. చూస్తాండా."

"చూసింది చాల్లేదా నీకు?"

ఆయన డ్రమ్ము మీద సర్దుకుని కూర్చున్నాడు. కానీ రెండో రోజు నేను ఇంజను తిప్పే హ్యాండిలుకు ఇనుప గొట్టం తగిలించి బలంగా తిప్పబోతుంటే అరిచాడు. "ఇరగ్గొడ్తావా దాన్ని? దబాయిస్తే పిస్టన్లు కదల్తాయా? ప్లగ్గులిప్పి కిరసనాయిలు పొయ్యి. పోసి పది దినాలు దాని మొకం చూడొద్దు."

వినాలని లేదు. కానీ వేరే దారి లేదు. పోశాను. పన్నెండో రోజు హ్యాండిలు ఒక అంగుళం కదిలింది. మర్నాడు మొత్తం తిరిగింది. నేను ఆయన వైపు చూడకుండా, ఎవరికో చెప్తున్నట్టు, "తిరిగింది," అన్నాను.

అలా ఏడాదిపైన సాగింది. రేడియేటరు చిల్లులకు నేనే టంకం వేశాను. నూనె డ్రమ్ము కోసి, చదును చేసి కాళ్ళ కింద రేకు వేశాను. చెనిక్కాయల మూటల మీద కప్పే పాత పట్ట కుట్టించి పైకప్పు చేశాను. బ్రేకుల రబ్బర్లకు గుత్తికి పోతే, లారీ సామాన్ల అంగడిలో నన్ను చూసి నవ్వారు. "ఆ బండి ఇంకా ఉండాదా? మ్యూజియంలో పెట్టుకో పో." వాళ్ళ నవ్వు విని, రబ్బర్లు తీసుకుని బస్సెక్కాను. ఆ నవ్వేవాళ్ళు పుట్టాక ఒక్క నట్టు తమ చేత్తో విప్పి ఉండరు. ముసలాయన ప్రతి పనికీ ఒక తిట్టు తిట్టేవాడు. "అది కాదు పాన." "ఎడమకు తిప్పుతావేంది." కానీ బండి మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి వేయలేదు. అది సోమరితనం అనుకున్నాను. ఉచితంగా టీ తాగి తిట్టిపోయే మనిషి అనుకున్నాను.

ఇంజను పలికిన తర్వాత రంగు పని మొదలుపెట్టాను. పాత ఆకుపచ్చ రంగే మళ్ళీ వేయాలని, అద్దం మీద పెద్దాయన ఇంటి పేరు ఎలా ఉండేదో అలాగే రాయించాలని నా ఆశ. ఎడమ మడ్‌గార్డు మీద ఉప్పు కాగితం రుద్దుతుంటే రంగు కింద మందంగా పుట్టీ కనబడింది. ఉలితో తట్టాను. పెచ్చులుగా ఊడింది. కింద అరచెయ్యి లోతు గుంట.

ముసలాయన లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు.

అయిదో రోజు నాకు గేరు బాక్సులో ఒక ముక్క ఎటు పెట్టాలో తెలియలేదు. ఆయన కోసం మిల్లుకు వెళ్ళాను. గేటు దగ్గర రేకుల నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముందు ఆయనే అడిగాడు.

"పుట్టీ అంతా తీసినావా?"

"తీసినా. లోపల గుంట ఉండాది. నువ్వు తాగి గుద్దింది అదేనా?"

కావాలనే అన్నాను. అలా అనడానికి నాకు హక్కు ఉందని అనుకున్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "నేను తాగనప్పా," అన్నాడు. "ఎప్పుడూ తాగల్యా. ఆదివారం చర్చిలో డప్పు కొట్టేటోన్ని నేను. తాగేటోన్నయితే ఆయన కొలువులో పెట్టుకుంటాడా?"

నేను నిలబడే ఉన్నాను.

"ఆ పొద్దు ఆయనకి సరదా పుట్టింది. 'స్టీరింగు ఇటియ్యిరా' అన్నాడు. ఇచ్చినా. సాయంత్రం, ఎదురెండ. ఆయమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఓరగానే పోతాండాది. ఆయనకు బ్రేకు యాడుందో తెల్దు. ఆయమ్మను తగిలించి, పోయి మైలురాయికి కొట్టినాడు. ఆ గుంట మైలురాయిది."

"తర్వాత?"

"నేను దిగి ఉరికినా. ఆయమ్మ నీళ్ళడిగింది. రేడియేటరుకు పోసే డబ్బా ఉంటాది గదా బండ్లో, ఆ నీళ్ళు పోసినా నోట్లో. రెండు గుక్కలు మింగింది. అంతే."

"పెద్దాయన?"

"దిగి పంచె దులుపుకున్నాడు. 'నువ్వు నడిపినావు' అన్నాడు. నన్నడగల్యా. చెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

"సరే సామీ అంటి. ముగ్గురు ఆడపిల్లోల్లు నాకు. ఆ ఊర్లో బతకాల." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తాగినానని ఎవరు పుట్టిచ్చినారో తెల్దు. జైలు నుంచి వచ్చేతలికి తాగుబోతునై ఉంటి."

ఆమె పేరు కూడా చెప్పాడు. నేనిక్కడ రాయను. మా ఊళ్ళో ఆ కథ నేను వందసార్లు విన్నాను. ఒక్కరి నోటా ఆ పేరు రాలేదు. 'కూలామె' అనే విన్నాను, నేనూ అలాగే చెప్పాను.

ఇంటికి వచ్చి జీపు ముందు నిలబడితే దాన్ని మళ్ళీ ఆ ఇనుప అంగడికి తోలేయాలనిపించింది. పంచె దులుపుకున్న ఆ మనిషి సీటు కోసమా నేను ఏడాది కిరసనాయిల్లో చేతులు ముంచింది? మర్నాడు ముసలాయన వచ్చాడు. ఆ మాటే చెప్పాను.

"మామా, దీన్ని అమ్మేస్తా." ఆయన్ని మామా అని పిలవడం అదే మొదలు.

"అమ్మితే ఏమొస్తాది?"

"పోనీ, ఆ గుంట అట్లే పెడతా. నలుగురూ చూడనీ."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. "గుంట పెట్టుకుని తిరిగితే ఆయమ్మ లేచొస్తాదా? సక్కగా కొట్టి రంగెయ్యి. అడ్డదిడ్డంగా పని చేస్తే నాకు గిట్టదు."

మడ్‌గార్డు విప్పాము. ఆయన మొదటిసారి బండి మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకున్నాడు. నేను ముందు నుంచి సుత్తితో కొట్టాను. రెండు రోజులు పట్టింది. ఆకుపచ్చ రంగు వేయలేదు. ఒక పెయింటరు దగ్గర మిగిలిపోయిన బూడిద రంగు దొరికితే అది పూశాను. అద్దం మీద ఏమీ రాయించలేదు.

బండి రోడ్డెక్కిన నెలకే పెద్దాయన కొడుకు వచ్చాడు. రోడ్ల కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్డు మా ఊరి దగ్గర ఒక్క వానకే కొట్టుకుపోయింది. వానలు లేని జిల్లా కాబట్టి బతికిపోయాడు. కొత్త కారులోంచి దిగి, నల్లద్దాలు తీయకుండానే మాట్లాడాడు. ఊళ్ళో తండ్రి విగ్రహం పెడుతున్నాడట. తండ్రి ఫొటో ఈ జీపులో పెట్టి ఊరేగించాలట.

"ఇది మా నాయన బండి. నీకు తెల్సు గదా. ఎంత కావాల్నో చెప్పు."

"కాటాకేసి అమ్మింది మీరే గదా అన్నా?"

"అప్పుడు తెల్దులే. ఇప్పుడు కావాల."

నాకు ఒక మాట అడగాలనిపించింది. "మీ నాయన ఎప్పుడన్నా దీన్ని నడిపినాడా?"

ఆయన నవ్వాడు. "మా నాయనకేం ఖర్మ? స్టీరింగే పట్టుకోల్యా జన్మలో. డ్రైవరుంటే."

డ్రమ్ము మీద నుంచి ముసలాయన అన్నాడు. "పట్టుకున్నాడు సామీ. ఒక్క తూరి."

కొడుకు తిరిగి చూశాడు. "ఎవరు నువ్వు?"

"ఆ తూరికి జైలుకు పోయినోన్ని."

కొడుకు నల్లద్దాలు తీశాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం కనబడుతుందేమోనని చూశాను. లేదు. చిరాకు కనబడింది, పాత బాకీ అడిగేవాడు నలుగురిలో పలకరిస్తే వచ్చే చిరాకు. ఆయనకు తెలుసు. కారెక్కి వెళ్ళిపోయాడు. విగ్రహానికి ఎక్కడి నుంచో ఇంకో జీపు తెప్పించి, దానికి పచ్చ రంగు వేయించి ఊరేగించారని తర్వాత విన్నాను.

నేను ఊరికే ఉండలేకపోయాను. ఆ ఆదివారమే జీపులో మా ఊరికి వెళ్ళి, టీ హోటలు ముందు ఆపి, కూర్చున్న అందరికీ వినబడేలా జరిగింది చెప్పాను. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఒకాయన టీ చప్పరిస్తూ, "ఇప్పుడు తెల్సిందా నీకు?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. అందరికీ తెలుసు. అప్పుడూ తెలుసు. తెలిసే ముప్పై ఏళ్ళు ఆయన్ని తాగుబోతన్నారు.

అక్కడి నుంచి ఊళ్ళోని మా పాత ఇంటికి పోయాను. మా నాయన వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తున్నాడు.

"నాయనా, నీకూ తెలుసా?"

చేతిలోని కాయ పగలగొట్టి గింజలు చేటలో వేశాడు. "తెల్సు."

"మరి మేము ఆయన ఇంటి ముందర ఉమ్మేస్తాంటే ఒక్క మాట చెప్పల్యా ఏంటికి?"

"చెప్తే మీరు పెద్దాయన ఇంటి ముందర ఉమ్మేస్తారని," అన్నాడు. తల ఎత్తలేదు.

మా నాయనను అంతకు ముందు నేను అసహ్యించుకున్నది లేదు. ఆ రోజు అన్నం తినకుండా లేచి వచ్చాను. తర్వాత చాలా నెలలు ఆ వాకిలి తొక్కలేదు.

జీపు నా దగ్గర మరో ఆరేళ్ళు తిరిగింది. శింగనమల దాకా వెళ్ళి టీవీలు తెచ్చాను. ముసలాయన పక్క సీట్లో కూర్చుని, నా గేర్లను తిడుతూ వచ్చేవాడు. ఒకసారి ఎండిపోయిన చెరువులో బండి ఆపి, "ఈడ ఎవరూ లేరు, పట్టు మామా," అని స్టీరింగు ఇచ్చాను. వద్దనలేదు. ఒక చుట్టు తిప్పి, మెత్తగా ఆపి దిగాడు.

"క్లచ్చి మీద కాలు పెట్టుకునే నడుపుతాండావు నువ్వు," అన్నాడు. "ప్లేటు అరిగిపోయింది చూడు."

మర్నాడు ప్లేటు విప్పి చూశాను. నిజంగానే అరిగిపోయింది.