నాలుగు బంట్లు, ఒక బోరు

ఎండిపోయిన బోరు గొట్టం మీద చెయ్యి పెట్టి చెప్తున్నా, ఇందులో ప్రతి మాటా నిజం. నమ్మకపోతే గొట్టంలోకి వంగి అడగండి, అది కూడా ఇదే చెప్తుంది.

మా పక్క చేని అన్నకు ఆ ఏడు కూడా శెనక్కాయ చేతికి రాలేదు. అంతకు ముందు వేసిన బోర్లన్నీ దుమ్ము పోసినవే. అయినా నీళ్లు చూసే ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కి నిలబడిన చోట రాయి పాతి పోయినాడు. ఆడ బోరు వేయాలంటే అన్న దగ్గర అమ్మడానికి మిగిలింది ఎద్దుల జత ఒక్కటే.

వదిన మా ఇంటికొచ్చింది. "మరిదీ, నా మాట వినడు. నీతో ఆటంటే మాత్రం కూడు మరిచిపోతాడు. ఎద్దులు పోతే ఇంగ మా బతుకు కూలికే."

అందుకే చదరంగం బల్ల తీసుకుపోయి పందెం కాసినాను. "అన్నా, నేను గెలిస్తే బోరు వద్దు. నువ్వు గెలిస్తే బోరు లారీకి దారి నేనే చూపిస్తా."

"ఏమప్పా, నన్ను గెలిచేటోడు ఈ ఊర్లో యాడుండాడు?" అంటూ తెల్ల పావులు లాక్కున్నాడు.

మా ఊరి ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. మొదటిసారి రెండు గళ్లు దూకొచ్చని ఫోనులో చూపించి నేర్పింది నేనే. అప్పటినుంచి ఆయన్ను పట్టలేం. ఆ రోజూ నడిమధ్యకు నాలుగు బంట్లను రెండేసి గళ్లు తోసేసినాడు. నేను అడ్డం పోలేదు. గుర్రాన్ని బయటికి తెచ్చి, ఒంటెను మూలకు చూసేటట్టు పెట్టి, రాజును భద్రంగా దాచుకున్నా.

"నిద్రపోతాండావా? బల్లంతా నాదే."

"పట్టుకోన్నా, ఎంత కావాల్నో అంత పట్టుకో."

అప్పుడు ఓ పక్కనుంచి బంటుతో ఆ వరసను పొడిచినాను. ఆయన ఇంకా ముందుకు తోసినాడు. రెండో పక్కనుంచి ఇంకో బంటు వేసినాను. వరసలో సందులు పడినాయి.

అన్న నవ్వు ఆగింది. "పోయినోళ్లంతా ముందుకు పోయినారు. ఎనక కాపలా ఎవురూ లేరే" అన్నాడు మెల్లగా. వదిన చేట పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. ఆయన ఓటమి ఒప్పుకుని తన రాజును పడుకోబెట్టినాడు. కుందుర్పిలో బోరు లారీ వాళ్లకు ఫోను చేసి రావద్దన్నాడు.

రాజును పడుకోబెట్టడం, ఆ ఫోను, రెండూ నేను కల్పించినవి. నిజానికి ఆయన ఒక గుర్రాన్ని వదులుకుని, నడిమి బంటును ఇంకో గడి తోసి, నేరుగా నా రాజు మీదికొచ్చినాడు. ఆయన అంత బాగా ఆడింది ఎప్పుడూ చూడలేదు. లారీ వచ్చింది. దారి చూపించినాను. పొద్దు గుంకేదాకా తెల్లటి దుమ్ము లేచింది.

ఇప్పుడు వదిన రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పొద్దున బస్సుకు పోతుంది. ఎదురుపడితే, "ఆ పొద్దు ఆట ఇంకోసారి చెప్పు మరిదీ" అంటుంది. నేను గెలిచినట్టే చెప్తాను. బస్సు వచ్చేదాకా వింటుంది.