విమానంలో ఆమె పేరు

నా భార్య పోయిన మరుసటి ఏడాది, ఆమె తరఫున ఉమ్రా, అంటే మక్కా యాత్ర, చేయడానికి బయలుదేరాను. అంతకు ముందు మా అన్నతో వెళ్లి నా ఉమ్రా చేసుకుని వచ్చాను. తనది చేసుకున్నవాడే పోయినవారి పేరు మీద చేయాలంటారు మాలో. ఈసారి తోడు వచ్చింది ఆమె తమ్ముడు. మర్రిపాడు మీదుగా బద్వేలుకు లారీ తోలే మనిషి. ఆత్మకూరులో బస్సెక్కి చెన్నై చేరాం.

విమానం కొత్తది, చాలా పెద్దది. నడవడానికి రెండు దారులు, వాటి మధ్య కూడా సీట్లు. కిటికీకి తెర లేదు. కింద ఉన్న బటన్ నొక్కితే అద్దమే మెల్లగా నల్లబడుతుంది. బావమరిది దాన్ని నల్లగా చేశాడు, తెల్లగా చేశాడు, మళ్లీ నల్లగా చేశాడు.

"ఊరుకోరా, పాడైపోద్ది."

"పాడైతే వాళ్లే చేసుకుంటార్లే భాయ్. ఇంత బండి ఎంత మెత్తగా పోతా ఉండాదో చూడు! మన రోడ్డు మీద ఒక్కసారి తోలమను, తెలుస్తాది."

అన్నం తిన్నాక సెంటు వాసన వచ్చే తడి కాగితాలు ఇచ్చారు. నియ్యత్, అంటే సంకల్పం, చెప్పుకున్నాక సెంటు తగలకూడదు. ఇంకా చెప్పుకోలేదు కనుక అతను ముఖమంతా తుడుచుకున్నాడు.

"మా ఆపా అయితే ఇంకో నాలుగు అడిగి సంచిలో ఏసుకునుండేది," అన్నాడు అక్కను తలుచుకుని.

నిజమే. అడిగేది.

నా మనసంతా ఆ నియ్యత్ మీదే ఉంది. మీఖాత్ అనే హద్దు దాటకముందే అది చెప్పుకోవాలి. ఆకాశంలో ఆ హద్దు దగ్గరపడగానే విమానంలో చెబుతారు. నువ్వు మాత్రం ఆమె పేరు నోటితో పలికి చెప్పు అన్నారు మా మౌల్వీ సాబ్. సరేనన్నాను. నా ఇబ్బంది చెప్పలేదు.

మా ఇళ్లలో భార్యను భర్త పేరు పెట్టి పిలవడు. "ఇదిగో" అనేవాడిని, ఆమె పలికేది. బయటివాళ్లతో "మా ఇంట్లో" అనేవాడిని. ఆ పేరు ఎన్నోసార్లు రాశాను కానీ ఎన్నడూ పలకలేదు. చెన్నైలో ఇహ్రాం తెల్లబట్టలు కట్టుకుంటూ ఒకసారి ప్రయత్నించాను. పేరు బయటికి రాలేదు.

మీఖాత్ వస్తోందని చెప్పారు. చుట్టూ అందరూ బట్టలు సర్దుకుని పెదవులు కదిలించసాగారు. విమానం ఎవరి కోసమూ ఆగదు. బావమరిది తనది ముగించి నా వైపు తిరిగాడు.

"ఏంది భాయ్, ఇంకా చెప్పలా?"

"పేరు రావడం లేదురా. ఎప్పుడూ పిలవలేదు గదా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మేమూ పిలవలా. మాకందరికీ ఆపానే. పేరు పెట్టి పిలిచింది అమ్మా నాయనే. వాళ్లు పోయినాక ఎవురూ పిలవలా." సీటులో ముందుకు జరిగి, "అమ్మ ఎట్లా పిలిచేదో చెప్పేదా?" అన్నాడు.

ఉదయగిరిలో వాళ్ల నాయన చెక్క స్పూన్లు చెక్కేవాడు. వాటికి గరుకు కాగితం పడుతూ వసారాలో కూర్చున్న ఆడపిల్లను లోపలి నుంచి తల్లి పిలిచే పిలుపు అది. చివరి అక్షరం సాగదీసి, కొంచెం కోపంగా, కొంచెం ముద్దుగా. లారీ తోలే ఆ మోటు గొంతుతో అతను మెల్లగా అలాగే పిలిచాడు.

అతని వెంటే నేనూ అన్నాను. మొదటిసారి సగంలోనే ఆగిపోయింది. రెండోసారి సరిగా పలికింది. అల్లాహ్, ఈమె తరఫున ఉమ్రా చేస్తున్నాను, ఈమెకు చెందేలా అంగీకరించు అన్నాను.

"ఆమీన్," అన్నాడు బావమరిది.

నడవకు అవతల కొండాపురం నుంచి వచ్చిన అవ్వ ఒకామె కూర్చుని ఉంది. నా వైపు వంగి, "ఎవురు నాయనా, ఆ బిడ్డ?" అని అడిగింది.

"నా భార్య," అన్నాను. అవ్వకు సరిగా వినపడలేదేమోనని, పేరు మళ్లీ చెప్పాను.