అంకెలు మాత్రమే చదివేవాణ్ణి

సిరోంచలో మా వీధిలో ఎవరి ఫోనుకు ఏ మెసేజ్ వచ్చినా అది నా దగ్గరికి వచ్చేది. గ్యాసు బండ వచ్చిన రోజు ఆడవాళ్లు ఫోను పట్టుకొని మా అరుగు దగ్గర నిలబడి, "జర నంబరు సదువు" అనేవారు. నేను అంకెలు పైకి చదివేవాణ్ణి. బండ తెచ్చిన మనిషికి వాళ్లు అక్కడి నుంచే అరిచి చెప్పేవారు. వీధంతా వినేది. అంకెలకు ముందూ వెనకా ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఇంకేదో రాసి ఉండేది. దాని సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చదవలేదు.

నేను దేన్నీ తేలిగ్గా నమ్మే మనిషిని కాను. అరచేతిలో విభూతి పుట్టించేవాళ్లను సభల్లో నిలదీశాను. చేతబడి చేసిందని ఒక ముసలామెను కొట్టబోతున్నారని తెలిసి, జిమల్‌గట్ట దాకా వెళ్లి రుజువేదని అడిగాను. ఎంత పెద్దవాడు చెప్పినా అడగకుండా ఒప్పుకోవద్దని ఊరూరా చెప్పాను. నేను చెప్పింది నిజమే. కాకపోతే ఆ పెద్దవాడు ఎప్పుడూ కాషాయం కట్టుకునే వస్తాడని అనుకున్నాను.

మా వదిన, చనిపోయిన మా అన్న భార్య, ఆ ఎండాకాలం బీడీల తునికాకు కోసిన కూలి, వడ్లు అమ్మిన డబ్బు కలిపి బ్యాంకులో దాచుకుంది. వానలు పడేలోగా ఇంటికి రేకులు వేయించాలి. పాత పెంకులు అప్పటికే సగం జారిపోయాయి. ఒక పొద్దున ఆమె ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బ్యాంకు కార్డు పట్టుకొని పరుగున వచ్చింది.

"మరిదీ, బోనసాఫీసు సాబు మాట్లాడుతుండు. తునికాకు బోనసు పడుతదంట. కార్డు మీది నంబరు కావాల్నంట, జర సెప్పు."

ఫోను తీసుకున్నాను. అవతలి మనిషి శుభ్రమైన మరాఠీ మాట్లాడుతున్నాడు. వదిన పేరు, ఊరు అతనికి తెలుసు. మరాఠీ రాజ్యం అంచున ఉన్న మా ఊళ్లలో తెలుగు అంటే ఇంట్లో, అంగట్లో మాట్లాడుకునే భాష. రేషన్ కార్డు, భూమి కాగితం, బడి, అహేరి నుంచి వచ్చే అధికారి, అన్నీ మరాఠీలోనే మాట్లాడతాయి. ఆ భాష వినగానే లేచి నిలబడటం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ రోజు కూడా నేను అరుగు మీది నుంచి లేచి నిలబడ్డాను. అతనే తెలుగులో మాట్లాడి ఉంటే ఏ ఊరు, ఎవరి కొడుకువు అని పది ప్రశ్నలు అడిగేవాణ్ణి.

కార్డు ముందున్న అంకెలు చదివాను. వెనకున్న మూడూ చదివాను. ఇంతలో మెసేజ్ వచ్చింది. అందులోని ఆరంకెలు కూడా, అలవాటు ప్రకారం, పైకి చదివాను. అతను మర్యాదగా ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది. "బోనసే కావచ్చు, సూడు" అంది వదిన. ఈసారి అంకెలతోపాటు అక్షరాలూ చూశాను. డబ్బు వెళ్లిపోయింది.

బండి మీద ఆమెను ఎక్కించుకొని బ్యాంకుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా మాటలేమీ పెట్టుకోకుండా ముందు కార్డు ఆపేశాడు. మోసాల ఫిర్యాదు తీసుకునే సర్కారు నంబరుకు నాచేత ఫోను చేయించాడు. దాదాపు సగం పోయింది, మిగిలింది దక్కింది. అప్పుడు తలెత్తి అడిగాడు: "నంబరు ఎవరు సెప్పిన్రు?"

"నేనే."

"మీరా సారూ!" అని మళ్లీ తల దించుకున్నాడు.

బయట బెంచీ మీద కూర్చోగానే వదిన ఫోను నా ముందు పెట్టింది. మొదటి మెసేజ్ గురించి అడిగింది.

"నంబరు పక్కపొంటి ఏందో రాసుండె గద. ఏం రాసిన్రు?"

"ఎవ్వరికీ సెప్పొద్దని."

"మరి గది ముందుగాల సదవాలె గద!"

రుజువుల గురించి నేను ఎంతోమందితో వాదించాను. ఫోన్లో ఆ మనిషిని మాత్రం ఒక్క రుజువూ అడగలేదు.

చదువురానివాళ్లే మోసపోతారని చదువుకున్నవాళ్లం చెప్పుకుంటాం. అది అబద్ధం. మా వదిన చదువుకోలేదు కాబట్టే అతనికి ఒక్క అంకె కూడా చెప్పలేకపోయింది. మోసం నా చదువు గుండా వెళ్లింది. మోసపోయినవాణ్ణి చూసి నవ్వేవాడు తాయెత్తు కట్టుకున్నవాడి లాంటివాడే. తనకేమీ కాదన్న ధైర్యం తప్ప అతని చేతిలో ఏమీ లేదు.

పోయినంతా నేనే ఇస్తానన్నాను. వద్దంటుందని లోపల కొంచెం ఆశ ఉండేది.

"ఇయ్యి. ఎందుకొద్దంట? సదివింది నువ్వేనాయె," అంది. "పైసలతోని అయిపోలే. నాకు నంబర్లు నేర్పు. ఇగ నీ నోటితోని సదివిచ్చుకోను."

సున్నా నుంచి తొమ్మిది దాకా ఆమె వాకిట్లో బండ మీద సుద్దతో రాసిచ్చాను. ఆరు, తొమ్మిది కొన్నాళ్లు సతాయించాయి. ఎవరికీ చెప్పొద్దనే ఇంగ్లీషు మాటలు కూడా రాయించుకొని, వాటి ఆకారం గుర్తుపట్టడం నేర్చుకుంది. నేనూ పద్ధతి మార్చాను. ఎవరు ఫోను తెచ్చినా ముందు మెసేజ్ మొత్తం తెలుగులో చెప్పి, ఫోన్లో ఎవరైనా ఉంటే పెట్టేయించి, ఆ తర్వాతే అంకెలు చూపిస్తున్నాను. "గింత లేటా?" అని విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

మబ్బులు పట్టే వేళకు కొత్త కార్డు వచ్చింది. డబ్బు తీసే మిషన్ దగ్గర దానికి రహస్య నంబరు పెట్టుకోవాలి. ఆమె వెనకాలే నేనూ లోపలికి వెళ్లబోయాను.

"నువ్వు యాడికి? బయటనే ఉండు."

అద్దం తలుపు అవతల ఆమె కొంగు అడ్డం పెట్టుకొని ఒక్కో మీట తడిమి నొక్కింది, రేకులకు డబ్బూ తీసుకుంది. బయటికి వచ్చాక పాత అలవాటు ఊరుకోలేదు.

"యాదుంటదా వదినె? ఏం నంబరు పెట్టినవ్?"

ఆమె నా మొహంలోకి చూసింది.

"నీకెందుకు సెప్తా?" అని, డబ్బు రొంటిన దోపుకొని, రేకుల దుకాణం వైపు నాకంటే ముందు నడిచింది.